ఇల్లాలికో మాట: చన్నీళ్లలో తెల్లబట్టలు



పెనుగొలను వంటి మన పల్లెల్లో ఆదివారం ఆరాధనకు కట్టే తెల్లబట్టలను వెనుకటి రోజుల్లో చవుడు పెట్టి ఉబ్బ వేసేవారు. ఎన్ని కట్టెలు కాలేవో! 1913లో జర్మనీకి చెందిన ఒట్టో రోమ్ జంతువుల క్లోమం నుండి తీసిన ఎంజైములతో బట్టలుతికే పద్ధతి కనిపెట్టారు. నేటి ఎంజైము పౌడర్లు ఆ దారిలో వచ్చినవే. మిల్లీమీటరులో లక్షో వంతుకన్నా చిన్నదైన ఆ రేణువు నెత్తురు, పాలు, చెమట మరకల్లోని మాంసకృత్తులను చన్నీళ్లలోనే ముక్కలు చేస్తుంది. వేడినీళ్లు పోస్తే నెత్తురు మరక పట్టుకుపోతుంది. ఆ పొరపాటు నేనూ చేశాను.

అరగంట నానబెట్టండి. బ్లీచింగు కలపవద్దు. పట్టుచీరకు వాడవద్దు, పట్టు కూడా మాంసకృత్తే గదా. అయితే చన్నీళ్లు మరక వదిలిస్తాయి గాని క్రిములను చంపవు. విరేచనాలైన బిడ్డ గుడ్డలను ఇప్పటికీ మరిగించాల్సిందే.