తగ్గావా? తగ్గించావా?

ఆడదాని వయసూ, మగవాడి జీతమూ అడక్కూడదని ఎవరో మహానుభావుడు ఎప్పుడో ఒక మర్యాద పెట్టి పోయాడు. పోతూ పోతూ ఆడదాని ఒంటి బరువు గురించి కూడా మాట్లాడకూడదని ఇంకొక్క ముక్క చేర్చి ఉంటే ఆయనకి బోలెడు పుణ్యం వచ్చేది. వయసు అడగడానికి మొహమాటపడే పెద్దమనుషులే, పెళ్ళి పందిట్లో పదిమంది వింటూండగా, "అదేమిటమ్మా, ఇలా అయిపోయావు?" అనడానికి రవ్వంత కూడా వెనకాడరు. ఆ "ఇలా" అంటే ఎలాగో వాళ్ళ చేతులే చెప్తాయి. రెండు చేతులూ పక్కలకి జాపితే ఒళ్ళు చేశావని, చిటికెన వేలు ఎత్తి చూపిస్తే చిక్కిపోయావని.

ఒళ్ళు చేసినవాళ్ళని నలుగురూ ఆడిపోసుకోవడం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను దాని జోలికి పోవడం లేదు. నా ఫిర్యాదంతా రెండో దాని మీద. "అబ్బ, ఎంత చిక్కావే! ఎంత బావున్నావో!" అనే మెచ్చుకోలు మీద. ఆ తిట్టు కంటే ఈ మెచ్చుకోలే ఎక్కువ హాని చేస్తోందని నా వాదన. తిడితే కనీసం ఏడ్చి ఊరుకుంటాం. మెచ్చుకుంటే నమ్మేస్తాం.

మా అమ్మమ్మ కాలంలో "చిక్కిపోయావే" అంటే జాలి. కూతురు అత్తారింటినించి వచ్చి గడప దాటగానే తల్లి కళ్ళు తిన్నగా మెడ కింది ఎముకల మీదికి పోయేవి. ఆ ఎముకలు పైకి తేలాయంటే ఆ పూట ఇంట్లో పప్పులో నెయ్యి రెండు గరిటెలు ఎక్కువ పడేది. రాత్రి పక్కలో కూర్చోబెట్టుకుని, "అన్నం సరిగ్గా పెడుతున్నారా? ఒంట్లో బావుంటోందా?" అని మెల్లిగా ఆరా తీసేవాళ్ళు. ఆ ఆరాలో కొంత చాదస్తం ఉండొచ్చు. కానీ, అది ఆరా. ఇప్పుడా ఎముకలే నగలయ్యాయి. అవి కనిపించగానే మనం వేసే ప్రశ్న, "ఏం మానేశావో నాక్కూడా చెప్పవూ?" అని. మాట ఒకటే, చిక్కావు అని. అర్థం మాత్రం తలకిందులైపోయింది. ఆ తలకిందులవడంలో అసలు అడగవలసిన ప్రశ్న జారి ఎక్కడో పడిపోయింది.

మా వీధిలోనే ఒకావిడ ఉంది. నలభై దాటింది. ఒక ఏడాది వేసవిలో మొదలై ఆవిడ ఒళ్ళు కరగడం మొదలుపెట్టింది. మణికట్టు దగ్గర నిలవవలసిన గాజులు మోచేతి దాకా జారేవి. ఉంగరం ఊడిపోకుండా దారం చుట్టింది. జాకెట్లన్నీ దర్జీ దగ్గరికి పోయి పక్క కుట్లు లోపలికి వేయించుకుని వచ్చాయి. శ్రావణమాసం వచ్చేసరికి పేరంటాల్లో ఆవిడే మహారాణి. తాంబూలం అందుకునేవాళ్ళంతా రహస్యం చెప్పమని బతిమాలేవాళ్ళే. "నేనేం చెయ్యడం లేదండీ" అని ఆవిడ మొత్తుకుంటే, "చూశారా, దాచుకుంటోంది!" అన్నారు. రాత్రిళ్ళు నాలుగుసార్లు లేవవలసి రావడం, ఎంత తాగినా తీరని దాహం, మధ్యాహ్నానికే కాళ్ళు పీక్కుపోవడం, ఇవన్నీ ఆవిడకి తెలుస్తూనే ఉన్నాయి. ఉక్కపోత అనుకుంది, వయసు అనుకుంది. ఊరంతా బావున్నావంటూంటే తనకేదో బాగోలేదని ఎలా అనుకుంటుంది చెప్పండి! కార్తీకంలో కాలికి తగిలిన చిన్న దెబ్బ ఎంతకీ మానకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రక్తం పరీక్ష చేస్తే షుగరు వ్యాధి. అప్పటికే బాగా ముదిరి ఉంది. ఆవిడ ఒళ్ళు ఆర్నెల్లనించీ గాజుల చేత, ఉంగరం చేత, జాకెట్ల చేత కేకలు వేయించింది. మనం ఆ కేకలు విని చప్పట్లు కొట్టాం!

ఇది ఒక్కావిడ కథ అనుకుని వదిలేయకండి. మనంతట మనం ప్రయత్నం చేయకుండా ఆరు నెలలనించి ఏడాది లోపల ఒంటి బరువులో నూటికి 5 వంతులు తగ్గితే కారణం వెతకాలని వైద్యులు చెప్తారు. అరవై కిలోల మనిషికి అది 3 కిలోలు. షుగరు కావచ్చు, థైరాయిడ్ గ్రంథి మోతాదు మించి పని చేయడం కావచ్చు, క్షయ కావచ్చు, కాన్సరు కావచ్చు. ఏ జబ్బూ కాకుండా మనసు కుంగిపోయి అన్నం సయించకపోవడమూ కావచ్చు. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. కెనడాలో టొరాంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో, మనిషి ఎంత తగ్గితే ఆ తేడా ఎదుటివాళ్ళకి మొహంలో తెలుస్తుందని మొహాల ఫొటోలతో పరీక్ష చేశారు. సగటు ఎత్తు ఆడమనిషయితే దాదాపు మూడున్నర కిలోలు అని తేలింది. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. వీధి వీధంతా "చిక్కావే" అని గుర్తుపట్టేసరికే, అరవై కిలోల మనిషి డాక్టరు గీసిన గీత దాటేసి ఉంటుంది. అంటే ఆ మాట నోటి దాకా వచ్చిన క్షణం మెచ్చుకోవలసిన క్షణం కాదు, ఆగి అడగవలసిన క్షణం.

పోనీ, పట్టుబట్టి తగ్గేవాళ్ళ సంగతి చూద్దామా? వాళ్ళకైనా ఈ ఎదుటివాళ్ళ కళ్ళు మేలు చేస్తున్నాయా అంటే అదీ లేదు. అన్నం తగ్గించిన మొదటి వారంలో రెండు కిలోలు పోయాయని సంబరపడతాం. అందులో ఎక్కువ భాగం నీరు. ఒంట్లో నిలవ ఉండే పిండిపదార్థం తనతో పాటు దానికి మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. ఆ తరవాత అసలు కొవ్వు కరగడం మొదలవుతుంది, కాటా ముల్లు మాత్రం మొరాయిస్తుంది. నెలసరికి ముందు నీరు చేరి ఒక కిలో పెరిగినట్టు కూడా చూపిస్తుంది. ఎక్కడ కరగాలో మనం ఆజ్ఞాపించడానికీ లేదు. మనం పొట్ట తగ్గాలని కోరుకుంటే చాలామందికి ముందు బుగ్గలు తగ్గుతాయి. కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందో తెలుసా? చెమటలో పోతుందనుకుంటాం. 2014లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, 10 కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మన ఊపిరిలోనే బయటికి పోతాయి. ఊపిరిలో పోయేదాన్ని ఏ పిన్నిగారి కన్ను పట్టుకుంటుంది?

అందుకే మూడు వారాలు నోరు కట్టుకున్న ఇల్లాలు, "ఒక్కళ్ళయినా ఏమీ అనలేదే" అని ఉసూరుమంటుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. కొందరు విసుగొచ్చి మానేస్తారు. కొందరు ఎవరో ఒకరి చేత అనిపించుకోవాలని రాత్రి భోజనం కూడా ఎగ్గొడతారు. పస్తులున్నవాళ్ళకి కొవ్వుతో పాటు కండా పోతుంది. రెండు మూడు నెలలు తిరిగేసరికి దువ్వెన నిండా జుట్టు వస్తుంది. అప్పుడు ఇదే బంధువర్గం, "అయ్యో, పీక్కుపోయావే!" అంటుంది. చిక్కావన్న నోళ్ళే!

"మంచిమాట అంటే ఉత్సాహం వస్తుంది కదండీ, దానిక్కూడా ఆంక్షలా?" అని మీరడగొచ్చు. వస్తుంది, కాదనను. కానీ ఆ మాటకి వెనక ఒక తోక ఉంటుంది, ఇంతకు ముందు నువ్వు బాగోలేవు అని. తగ్గిన బరువు తిరిగి రావడం లోకంలో చాలామందికి జరిగేదే. అలా వచ్చిననాడు ఎవరూ ఏమీ అనరు. ఆ ఊరుకోవడం కూడా చెవికి వినిపిస్తుంది. పైగా 2025లో మౌంజారో, వెగోవీ అనే ఇంజక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పటినించీ మెచ్చుకోలుకి మరో తోక తగులుకుంది. "నడిచి తగ్గిందా, పొడిపించుకుని తగ్గిందా?" అని. వైద్యుడు అవసరమని ఇచ్చిన మందుని వేసుకోవడం నేరమా? బీపీ మాత్ర వేసుకునేవాళ్ళని ఇలా ఎవరైనా నిలదీస్తున్నారా?

"అయితే ఊబకాయం మంచిదేనంటావా?" అని ఇంకొకరు. ఎందుకంటాను! 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నించి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారని తేలింది. అది చిన్న సంగతి కాదు. నేననేదల్లా, కంటితో చూసి తీర్పు చెప్పే పని కాదిది అని. దీనికో ముచ్చటైన సాక్ష్యం ఉంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వేయించారు. ఇద్దరూ సన్నగానే ఉంటారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్క కూడా ఇద్దరికీ సరిసమానం. తీరా కొలిస్తే లండనాయన ఒంట్లో కొవ్వు నూటికి 9 వంతులు, మన పుణె ఆయన ఒంట్లో 21 వంతులు! చూపుకి సన్నం, లోపల కొవ్వు. మనవాళ్ళ ఒంటి తత్త్వమే చాలావరకు అంత. అందుకే మన ఆడవాళ్ళకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదని చెప్తారు. చీర కుచ్చిళ్ళ చాటున ఉండే ఆ కొలత పేరంటానికి వచ్చినవాళ్ళకి కనిపించనే కనిపించదు.

మరి మార్పు తెలిసేదెలా? తెలుసుకోవడానికి మన దగ్గర సాధనాలకేం కొదవ? ఆరు గజాల చీర ఎంత ఒంటినైనా తనలో కలుపుకుపోతుంది గానీ లంగా బొందు అబద్ధం చెప్పదు. ముడి నిరుటి కంటే ఎక్కడ పడుతోందో అది రోజూ చెప్తూనే ఉంటుంది. దర్జీ టేపు తీసుకుని నెలకొకసారి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య నడుము చుట్టూ కొలుచుకుని, కాలెండరు మీద పాల లెక్క పక్కన రాసుకోండి. మేడమెట్లు ఎక్కితే ఆయాసం నిరుటి కంటే తగ్గిందా, రాత్రి నిద్ర పడుతోందా, బిందె ఎత్తే ఓపిక ఉందా అని చూసుకోండి. ఇవన్నీ మీకు మాత్రమే కనిపించే మార్పులు. ఒకళ్ళ సర్టిఫికెట్టు అక్కర్లేనివి.

ఇంకొక్క మాట. మనం ఇలా ఒకళ్ళ ఒళ్ళు ఒకళ్ళం తూకం వేసుకుంటూంటే, పక్కన జడ అల్లించుకుంటున్న పదమూడేళ్ళ పిల్ల వింటూ ఉంటుంది. చిక్కితే ముద్దు, లేకపోతే లేదు అన్న పాఠం ఆ పిల్లకి ఏ బళ్ళోనూ చెప్పనక్కర్లేదు, మన వసారాలోనే నేర్చుకుంటోంది. ఎదగవలసిన వయసులో పెరుగన్నం ప్లేటు పక్కకి తోసేస్తూంటే, "ఈ కాలం పిల్లలు మాట వినరు" అని మనమే విసుక్కుంటాం. పాపం, మన మాట విని కాదూ అది తోసేస్తోంది!

కాబట్టి నా మనవి ఇది. నలుగురిలో ఒకరి ఒంటి గురించి మంచీ వద్దు, చెడ్డా వద్దు. చీర బావుందనండి, వంట బావుందనండి, చూసి చాలా రోజులైందనండి. అయినవాళ్ళలో ఎవరి గాజులైనా వదులవడం మీ కంట పడితే మాత్రం ఊరుకోకండి. చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, ఎవరూ వినకుండా ఒక్క ప్రశ్న అడగండి. "నువ్వు తగ్గించావా, అదే తగ్గిందా?" అని. మన తెలుగు చల్లనిది. మనం చేసిన పనికీ, దానంతటది జరిగినదానికీ మాటలోనే తేడా చూపిస్తుంది. తగ్గించాననే జవాబు వస్తే సంతోషించి ఊరుకోండి. తగ్గిందనే జవాబు వస్తే మర్నాడు పొద్దున్నే ఆవిడకి తోడుగా డాక్టరు దగ్గరికి బయల్దేరండి.