గోరువెచ్చని నాదం: చెవికి హాయి అయితే చాలునా?

ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్లు కొనబోయేవారు ఈ మధ్య నన్ను ఒకే ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. “డాక్టర్ గారూ, వార్మ్ సౌండ్ ఉన్నవి తీసుకుంటే చెవులకు మంచిదట కదా?” అడిగేవారిలో ఎక్కువమంది అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు. పాటల కోసం అడిగేవారు కొందరే. రోజుకు ఐదారు గంటలు వీడియో పాఠాలు వినక తప్పనివారే అధికం. అందువల్ల ఈ ప్రశ్నను తేలికగా తీసుకోవడానికి వీలులేదు. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఆ నాదం చెవికి హాయిగా ఉంటుందన్న మాట నిజమే, కాని ఆ హాయి చెవి క్షేమానికి హామీ కాదు. కొన్ని సందర్భాలలో ఆ హాయే చెవికి చేటు తెస్తుంది.

ముందుగా వార్మ్ అన్న మాట సంగతి చూద్దాం. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు గల ధ్వనులను వినగలదు. మృదంగం తొప్పి వైపు మ్రోత, తంబూరా గుంభనం, మగవారి గొంతులోని నిండుదనం కింది భాగానికి చెందుతాయి. తాళాల గణగణ, ‘స’, ‘శ’ వంటి అక్షరాల సవ్వడి పై భాగానికి చెందుతాయి. 100 నుంచి 300 హెర్ట్జ్ ప్రాంతాన్ని కొంత పెంచి, 4,000 దాటిన భాగాన్ని కొంత తగ్గిస్తే వినిపించే నాదాన్ని వార్మ్ అంటారు. నేను దానిని గోరువెచ్చని నాదం అంటాను. మంద్రం కాస్త ముందుకు వస్తుంది, తారస్థాయి కాస్త వెనక్కి తగ్గుతుంది. షూర్ కంపెనీవారి ఎస్ఈ215 ఈ తరహాకు పేరుపడ్డ ఉదాహరణ. దీనికి ఎదురు కొసన వినికిడి శాస్త్రవేత్త మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ సంస్థవారి ఈఆర్-4 ఉంటుంది. 1991లో వచ్చిన ఆ ఇయర్‌ఫోన్ నాదం తేటగా, మంద్రం మితంగా ఉంటుంది. మంద్రాన్ని కోరేవారికి అది నీళ్ళచారులా తోస్తుంది.

మనవడి వరసైన కుర్రవాడి దగ్గర గోరువెచ్చని రకం ఒకటి, తేట రకం ఒకటి తీసుకుని రెండు వారాలపాటు విన్నాను. అంబర్‌పేటలో మా ఇంట్లో తెల్లవారుజామున, ఛే నంబర్ చౌరస్తా ఇంకా నిద్ర లేవని వేళ విన్నప్పుడు గోరువెచ్చని రకమే నా మనసు దోచుకుంది. ఘంటసాల గారి పాత రికార్డులలో వెనుక వినిపించే సన్నని హోరు దాదాపు అణగిపోయింది. గొంతు గుండెలో నుంచి వస్తున్నట్టు నిండుగా వినిపించింది. షేక్ చినమౌలానా గారి నాగస్వరం తేట రకంలో కొన్నిచోట్ల చెవిని పొడిచింది. ఇందులో అదే వాద్యం నాలుగు వీథుల అవతలి గుడిలో మ్రోగుతున్నంత సుఖంగా ఉంది. అయితే వీణ విషయంలో నాకు తృప్తి కలగలేదు. తీగను మీటిన క్షణంలో పుట్టే ఆ చురుకు మొద్దుబారింది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒకసారి ముందు వరుసలోను, మరోసారి బాగా వెనుకను కూర్చుని కచేరీ విన్నవారికి ఈ తేడా విప్పి చెప్పనక్కరలేదు.

మరొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. ధ్వని మట్టం తగ్గేకొద్దీ మన చెవికి మంద్రం అన్నిటికంటే ముందు మాయమవుతుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు దీనిని కొలిచి చూపారు. చిన్న వాల్యూంలో పాట పలచగా, రుచిలేని పథ్యం కూడులా అనిపించడానికి ఇదే కారణం. గోరువెచ్చని ఇయర్‌ఫోన్ ఆ లోటును కొంత పూడుస్తుంది. కనుక నిశ్శబ్దంగా ఉన్న గదిలో, తక్కువ వాల్యూంతోనే నిండైన పాట విని తృప్తిపడేవారికి అది నిజంగా మేలు చేస్తుంది. ‘చెవులకు మంచిదట’ అన్న మాటలోని సత్యం ఇంతవరకే.

ఇక ఆ ఇయర్‌ఫోన్‌ను వీథిలోకి తీసుకువెళ్ళి చూడండి. అంబర్‌పేట నుంచి నారాయణగూడకు బస్సులో వెళ్ళినా, అక్కడ మెట్రో ఎక్కినా, చుట్టూ ఉండే హోరు చాలావరకు మంద్రస్థాయికి చెందినదే. ఇంజను గుర్రుమనడం, చక్రాల రొద, ఫ్యాన్ల ఘోష అన్నీ ఇయర్‌ఫోన్ పెంచి ఇచ్చిన మంద్రాన్నే మింగివేస్తాయి. ఇంట్లో మనసు దోచిన నిండుదనం బర్కత్‌పురా చేరేలోగా కనబడదు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? బొటనవేలు తనంతట తానే వాల్యూం మీదకు పోతుంది. సిలికాన్ బుడిపె చెవికి సరిగ్గా బిగియకపోతే పరిస్థితి మరింత అధ్వానం. చిన్న సందు ఉన్నా మంద్రం దానిగుండా కారిపోతుంది. బయటి హోరు అదే దారిన లోపలికి వస్తుంది.

పాటల సంగతి అలా ఉంచండి, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది పాఠాల సంగతి. ఆ కుర్రవాడు వినే పాఠం ఒకటి రెండు ఇయర్‌ఫోన్లలోనూ విన్నాను. మాట్లాడే మాటలో అచ్చులకు బలం కింది భాగంలో ఉంటుంది, హల్లులకు గుర్తింపు పై భాగంలో ఉంటుంది. ‘స’, ‘శ’, ‘ష’ల తేడా తెలిపే సవ్వడి ముఖ్యంగా 2,500 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ‘త’కు, ‘థ’కు తేడా ఒక చిన్న ఊపిరి విసురు మాత్రమే. గోరువెచ్చని రకంలో పాఠం వింటుంటే ‘పథకం’ అన్నారో ‘పతకం’ అన్నారో సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసి వచ్చింది. (ఒత్తులు శుద్ధంగా పలికే ఉపాధ్యాయులే అరుదైపోయారు గదా అని మీరు అనవచ్చు. ఆ తప్పును ఇయర్‌ఫోన్ మీద వేయను.) తేట రకంలో అదే పాఠం, అంతకంటే తక్కువ వాల్యూంలో, అక్షరం అక్షరం విడివడి వినిపించింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడం అవసరం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కోక్లియా ఉంటుంది. దాని మొదట్లో తారధ్వనులకు, కొసన మంద్రధ్వనులకు స్పందించే భాగాలు వరుసగా ఉంటాయి. ప్రతి ధ్వనీ ఆ ద్వారం దగ్గరే ప్రయాణం మొదలుపెడుతుంది. అందువల్ల బలమైన మంద్రధ్వని తన చోటుకు చేరే దారిలో తారధ్వనుల ప్రాంతాన్ని కూడా కదిలించి వాటిని కప్పివేస్తుంది. ధ్వని పెద్దదయ్యేకొద్దీ ఈ కప్పివేత మరింత వ్యాపిస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. హల్లులు తెలియడంలేదని విద్యార్థి వాల్యూం పెంచుతాడు. హల్లులతోపాటు మంద్రమూ పెరుగుతుంది. పెరిగిన మంద్రం హల్లులను ఇంకా కప్పుతుంది. అతడు ఇంకొక మెట్టు పెంచుతాడు. చివరకు తారధ్వని తేట ఇయర్‌ఫోన్‌లో ఉండే మట్టానికే చేరుతుంది, దాని నెత్తిన మంద్రం బరువు అదనంగా వచ్చి కూర్చుంటుంది. ఆ ఇయర్‌ఫోన్‌లో తారస్థాయిని తగ్గించడం వల్ల చెవికి కలగవలసిన లాభం కాస్తా చేజారిపోతుంది.

పైగా ఈ మొత్తం వ్యవహారంలో చెవి మొరపెట్టుకోదు. అదే అసలు ప్రమాదం. తేట రకంలో, అందులోనూ కరుకుగా ఉండే చవకరకంలో, వాల్యూం కొంచెం మించగానే ‘స’కారం సూదిలా గుచ్చుకుని మన చేత తగ్గింపజేస్తుంది. గోరువెచ్చని రకంలో ఆ సూది లేదు. నొప్పి వచ్చేదాకా ఆగుదామా అంటే, చెవికి నిజమైన నొప్పి పుట్టడానికి ధ్వని సుమారు 120 డెసిబెల్స్ దాటాలి. హాని మాత్రం 80ల నుంచే, వినే గంటలను బట్టి, మొదలవుతుంది. ఒక చెవిలోని కోక్లియాలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. మనిషిలో అవి చచ్చిపోతే తిరిగి మొలవవు. అధికధ్వనికి సాధారణంగా మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ప్రాంతం. హల్లులను విడదీసి చూపే పనిలో ఆ ప్రాంతానికి పెద్ద పాత్ర ఉంది. డెసిబెల్‌కు డెసిబెల్ పోలిస్తే మంద్రధ్వని తారధ్వని కంటే చెవికి తక్కువ హాని చేస్తుందన్నది నిజమే. కాని వాల్యూం మీట రెంటినీ కలిపే పెంచుతుంది.

కొంచెం లెక్క వేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. పిల్లలకు అదే 40 గంటలు, 75 డెసిబెల్స్. ధ్వని 3 డెసిబెల్స్ పెరిగితే శక్తి రెట్టింపవుతుంది కనుక గంటలు సగానికి తగ్గాలి. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5 మాత్రమే మిగులుతాయి. రోజుకు ఆరు గంటలు పాఠాలు వినే విద్యార్థికి వారంలో 42 గంటలు అవుతాయి. అంటే 80 వద్ద విన్నా అతడి వారపు కోటా పూర్తయిపోయింది, పాటకు ఒక్క నిమిషం మిగలలేదు. 86 వద్ద వింటే సోమవారం మొదలుపెట్టిన కోటా మంగళవారం సాయంత్రానికే చెల్లిపోతుంది. పోటీ పరీక్షల తయారీ వారంతో ముగిసేది కాదు, రెండు మూడేళ్ళు సాగేది. ఉద్యోగం వచ్చేనాటికి ఫైలు చదవడానికి కళ్ళజోడు వచ్చినా ఫరవాలేదు. సమావేశంలో ఎదుటివారి మాట తెలియకపోతే పెట్టుకునే యంత్రం మాత్రం పోయిన తేటను పూర్తిగా తిరిగి ఇవ్వలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పాటకు గోరువెచ్చనిది, పాఠానికి తేటది. రెండు కొనే స్థోమత లేకపోతే తేటదే కొనండి. దానిలో మంద్రం కొంచెం తక్కువని పాట ఆగిపోదు. ఇప్పటికే గోరువెచ్చనిది ఉన్నవారు దానిని పారవేయనక్కరలేదు. ఫోనులో ఈక్వలైజర్ తెరచి పాఠాల వేళ మంద్రపు మీటలను కిందికి లాగండి. వాల్యూం పెంచకుండానే మాట తేటపడడం మీకే తెలుస్తుంది. కొనేటప్పుడు పెట్టెలో ఇచ్చే మూడు నాలుగు కొలతల బుడిపెలను ఓపికగా మార్చి చూడండి. రెండు చెవులకు వేర్వేరు కొలత సరిపోవడం వింత కాదు. బాగా బిగిసిన బుడిపె బయటి హోరును ఆపుతుంది కనుక వాల్యూం పెంచాలన్న కోరికే తగ్గుతుంది. అయితే ఆ బిగింపుతో రోడ్డు మీద నడవకండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటేవారికి బస్సు హారన్ వినపడాలి. వాల్యూం మట్టం నిశ్శబ్దంగా ఉన్న చోట పెట్టుకుని అక్కడే వదిలేయండి. ఇందుకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చదువు గది కంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల నాకు తోచదు. అక్కడ చాలిన వాల్యూం బస్సులో చాలకపోతే, బస్సులో పాఠం మానుకోవాలి. కొన్ని ఫోన్లు మీరు వింటున్న ధ్వని ఎన్ని డెసిబెల్స్ ఉందో, వారంలో ఎంత విన్నారో చూపుతాయి. ఇయర్‌ఫోన్‌ను బట్టి ఆ అంకె కొంత అటూ ఇటూ ఉన్నా, పెరుగుతున్నదా తగ్గుతున్నదా తెలుసుకోవడానికి పనికివస్తుంది.

చెవి లోపలి సంగతి కూడా రెండు మాటలు. బుడిపె గులిమిని లోపలికి నెడుతుంది. గులిమి అడ్డుపడితే తారధ్వని తగ్గి ప్రతి ఇయర్‌ఫోనూ గోరువెచ్చనిదిగానే వినిపిస్తుంది! పిన్నీసులతో, అగ్గిపుల్లలతో తీయకండి. వానాకాలంలో చెమట, తేమ చేరితే చెవిలో బూజు పెరిగి దురద పెడుతుంది. బుడిపెలను వారానికోసారి ఊడదీసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టుకోండి. హాస్టల్ గదిలో ఒకరివి ఒకరు వాడవద్దు. విన్న తరువాత చెవిలో గుయ్‌మనే హోరు మిగిలినా, మాటలు మూటలో నుంచి వస్తున్నట్టున్నా చెవి అలసిందని గుర్తు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే వైద్యుడిని చూడాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం రేపు మాపు అనకుండా, ఆ రోజే కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో మీకు దగ్గరలోని నిపుణుడి వద్దకో వెళ్ళండి. ఆ చికిత్సకు మొదటి రోజులే విలువైనవి.

రోజూ గంటల తరబడి ఇయర్‌ఫోన్లు వాడేవారు ఒకసారి ప్యూర్‌టోన్ ఆడియోమెట్రీ చేయించుకోండి. 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు మీరు ఎంత చిన్న ధ్వనిని వినగలరో కాగితం మీద గీత గీసి ఇస్తారు. 4,000 దగ్గర ఆ గీత పల్లంలోకి దిగిందేమో చూడమని అడగండి. ఆ కాగితం దాచుకుని ఏడాది తరువాతి కాగితంతో పోల్చి చూసుకోండి. పరీక్షకు ముందురోజంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. లేకపోతే ముందురోజు అలసట కూడా ఆ గీతలో కలిసి, ఉన్నదానికంటే ఎక్కువ లోపం చూపుతుంది.