మీరాలం చెరువుకి అమెరికా గాలమా?

యూట్యూబ్‌లో చేపల వేట వీడియోలు చూసే బ్యాచ్ ఇప్పుడు ప్రతి హాస్టల్లోనూ ఉంది. ఆ వీడియోల్లో ఎక్కువగా వినిపించే మాట 'లైట్ టాకిల్'. సన్నటి రాడ్డు, అరచేతిలో పట్టే రీలు, కంటికి ఆనని దారం, వేలెడంత ఎర. దారం ఎంత సన్నగా ఉంటే వేటగాడు అంత గొప్పవాడన్నట్టు చెప్తారు. అది చూసి ఆన్‌లైన్‌లో సెట్టు ఆర్డర్ పెట్టి, ఆదివారం పొద్దున్నే పాతబస్తీ దాకా వెళ్లి మీరాలం చెరువులో గాలం వేసే వాళ్లు ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లైట్ టాకిల్ మంచిదే. మన స్టూడెంట్ బడ్జెట్‌కీ, నేర్చుకోవడానికీ అంతకన్నా మంచిది లేదు. కానీ ఏ చేపకి, ఏ నీళ్లలో అని అడక్కుండా దాన్ని వాడితే అది ఆట కాదు, చేపకి శిక్ష. ముఖ్యంగా కొర్రమీను మీద సన్న దారం వాడటం తప్పు. ఇది సెంటిమెంటుగా అంటున్న మాట కాదు, ఫస్టియర్ మెకానిక్స్ చాలు నిరూపించడానికి.

ఆ వీడియోల్లో హీరో ఎవరో చూడండి. చాలావాటిలో స్మాల్‌మౌత్ బ్యాస్. ఉత్తర అమెరికా చేప. మహా సరస్సుల్లో, మిసిసిపీ పరీవాహకంలో పుట్టి పెరిగింది. చల్లటి తేట నీరు, అడుగున రాళ్లు, గులకరాళ్లు దానికి ఇష్టం. నీరు తేటగా ఉంటుంది కాబట్టి మందం దారం దాని కంటపడుతుంది. చుట్టూ రాళ్లే తప్ప దట్టమైన నాచు తక్కువ కాబట్టి, గాలానికి పడ్డాక అది ఎటు పరిగెత్తినా దారం తిన్నగానే ఉంటుంది. అక్కడ మూడు నాలుగు కిలోల దారం సరిపోవడానికి కారణం ఇదీ. అంటే లైట్ టాకిల్ ఆ నీళ్లకి పుట్టిన సమాధానం. మిషిగన్‌లో ఎమ్మెస్ చేస్తున్న మన సీనియర్లు లైసెన్సు తీసుకుని అది వాడితే నేనేమీ అనను.

ఇప్పుడు మన చెరువు. 19వ శతాబ్దం మొదట్లో నిజాం సికందర్ జా కాలంలో దివాన్ మీర్ ఆలం పేరు మీద కట్టినది. దాని కట్ట సివిల్ వాళ్లకి ఎలాగూ పాఠమే: 21 అర్ధవృత్తాకారపు కమానుల వరుస. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రాకముందు నగరానికి తాగునీరు ఇచ్చింది. తర్వాత మురుగు చేరింది, గుర్రపు డెక్క పెరిగింది. తేట నీరు, గులకరాళ్లు అనే ఊహ ఇక్కడ పనికిరాదు. ఇక్కడున్నది మసక నీరు, తేలే ఆకు, కింద వేళ్ల గుబురు. అందులో ఉండే మొనగాడు కొర్రమీను.

ముందు సన్న దారం పక్షాన వాదిస్తాను. 0.20 మి.మీ. నైలాన్ దారం మీద 3 కిలోలు అని రాసి ఉందనుకుందాం. దాని అడ్డుకోత వైశాల్యం 0.0314 చదరపు మి.మీ. మూడు కిలోల బరువు దాని మీద పెడితే ఒత్తిడి సుమారు 940 మెగాపాస్కల్స్. మామూలు మైల్డ్ స్టీలు 400 దగ్గరే తెగుతుంది. కాబట్టి సన్నగా ఉందని దారాన్ని చిన్నచూపు చూడకండి.

మరి రెట్టింపు మందం, 0.40 మి.మీ. తీసుకుంటే? బలం దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుంది. కానీ వంగడానికి ఎదురు తిరిగే గుణం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే 16 రెట్లు. అందుకే మందం దారం రీలు మీద స్ప్రింగులా లేస్తుంది, మూడు గ్రాముల ఎర విసిరితే మన కాళ్ల దగ్గరే పడుతుంది. చెరువు గట్టు మీద పెద్దాయన "మందం దారం కట్టు బేటా, చేప పోదు" అంటే ఆయన చెప్పింది సగమే నిజం. చేప పోదు, కానీ చిన్న చేప అసలు రాదు కూడా.

ఇంకో సంగతి. మూడు కిలోల దారం అంటే మూడు కిలోల చేపే గరిష్ఠం అని కాదు. నీళ్లలో చేప బరువు దాదాపు సున్నా, ఆర్కిమెడిస్ పుణ్యమా అని. దారం మీద పడేది దాని కండల లాగుడు, కుదుపు. ఆ కుదుపుని మింగడానికి మూడు ఉన్నాయి: దారం సాగుదల, రాడ్డు వంపు, రీలులోని డ్రాగ్. డ్రాగ్ అంటే ఒక క్లచ్ లాంటిది. పెట్టిన బలం దాటగానే జారి దారం వదులుతుంది. దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దగ్గర డ్రాగ్ పెట్టుకోవాలి. మూడు కిలోల దారానికి 0.8 కిలో అనుకోండి. లగేజీ తూచే చిన్న కొక్కెం త్రాసుతో లాగి చూస్తే తెలిసిపోతుంది. తెరిచి ఉన్న నీళ్లలో ఈ ఏర్పాటు ఉంటే పెద్ద చేపని కూడా అలిసేదాకా ఆడించవచ్చు. దరికి వచ్చాక మాత్రం చేతి వలతో తియ్యాలి. దారంతో పైకి ఎత్తితే ఆర్కిమెడిస్ సాయం అయిపోయినట్టే.

ఇదంతా తెరిచి ఉన్న నీళ్ల సంగతి. కొర్రమీను గాలానికి పడగానే ఏం చేస్తుంది? తిన్నగా గుబుర్లోకి దూరుతుంది. దారం కాడల చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ మనం చదివిన క్యాప్‌స్టన్ సూత్రం గుర్తు తెచ్చుకోండి: తాడు దేనికైనా చుట్టుకుంటే రెండు కొసల మధ్య బలం తేడా ఘాతీయంగా పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. ఒక పూర్తి చుట్టుకి ఆ నిష్పత్తి సుమారు 6.6. నాలుగు కాడల దగ్గర తలా 90 డిగ్రీలు వంపు తిరిగినా లెక్క అదే.

అంటే మన వైపు 0.8 కిలోకి జారాల్సిన డ్రాగ్, చేప వైపు 5.3 కిలోలు లాగితే గానీ జారదు. దారం మూడు కిలోలకే తెగుతుంది. డ్రాగ్ ఉన్నా లేనట్టే. రాడ్డు ఎంత ఖరీదైనదైనా దానికి ఆ సంగతి తెలియదు. మన చేతికి అందేది ఖాళీ దారం, చేపకి మిగిలేది నోట్లో కొక్కెం, వెనక మూరెడు నైలాన్ తోక. అది ఏ వేరుకో చిక్కుకుంటే చేప అక్కడే బందీ. కొర్రమీను గాలి పీల్చే చేప. మొప్పలు మాత్రమే చాలవు, మధ్యమధ్యలో పైకి వచ్చి గాలి తీసుకోవాలి. పైకి రాలేని చోట కట్టేస్తే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. కొర్రమీను వేట తెలిసిన వాళ్లు పదిహేను, ఇరవై కిలోల అల్లిక దారం, బిగువైన రాడ్డు వాడేది మొరటుతనం వల్ల కాదు. పడిన చేపని గుబుర్లోకి పోనివ్వకుండా త్వరగా తేవడానికి, లేదా త్వరగా వదలడానికి.

"సన్న దారంతో పట్టడమే కదా స్పోర్టు, చేపకి కూడా ఒక చాన్స్ ఇచ్చినట్టు" అని ఒక వాదన ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ చాన్స్ అంటే చేప తప్పించుకుని మళ్లీ మామూలుగా బతకాలి. కొక్కెంతో, తోకతో పోయిన చేప తప్పించుకున్నట్టు కాదు. మనకి థ్రిల్లు, దానికి బిల్లు. ఇందులో స్పోర్టు ఎక్కడ?

పైగా ఇది మామూలు చేప కాదు. తెలంగాణ రాష్ట్ర చేప. పాతబస్తీ వాళ్లకి వేరే పరిచయం కూడా అక్కర్లేదు. దూద్‌బౌలి బత్తిని కుటుంబం మృగశిర కార్తెకి ఇచ్చే చేప ప్రసాదంలో మింగించేది కొర్రమీను పిల్లనే. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ. కానీ ఈ ఊరికి ఆ చేపతో ఉన్న సంబంధం పాతది. కొర్రమీను తల్లీ తండ్రీ పిల్లల్ని కాపలా కాస్తాయి. నీటి పైన ఎర్రటి చిన్న చిన్న పిల్లలు గుంపుగా, కుంకుమ చల్లినట్టు కదులుతుంటే కింద పెద్ద చేప ఉందని అర్థం. అక్కడ ఏది విసిరినా అది ఆకలితో కాదు, కోపంతో కొడుతుంది. ఆ సులువు చూసి అక్కడే ప్లాస్టిక్ కప్ప విసిరే వాళ్లున్నారు. ఒక్క పెద్ద చేపతో పాటు కాపలా లేని ఆ గుంపు మొత్తం వేరే చేపల పాలవుతుంది. సన్న దారమైనా మందం దారమైనా ఆ గుంపు కనిపిస్తే గాలం వెనక్కి చుట్టేయాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

మరి లైట్ సెట్టు కొన్నవాళ్లు దాన్ని ఏం చేసుకోవాలి? జిలేబి ఉంది కదా! అదే తిలాపియా. 1952లో బయటి నుంచి మన దేశానికి తెచ్చిన చేప, ఇప్పుడు చాలా చెరువుల్లో స్థానిక చేపల చోటు ఆక్రమించింది. నోరు చిన్నది, మన అసలైన 'స్మాల్‌మౌత్' ఇదే అనుకోవచ్చు. గుబురు లేని అంచున, తెరిచి ఉన్న నీళ్లలో దొరుకుతుంది. దీనికి ఆరు, ఆరున్నర అడుగుల లైట్ రాడ్డు, 2 నుంచి 10 గ్రాములు విసరగలిగేది, చాలు. 1000 లేదా 2000 సైజు రీలు. 0.18 నుంచి 0.20 మి.మీ. నైలాన్. అల్లిక దారం సాగదు కాబట్టి కొత్తవాళ్ల తప్పుల్ని క్షమించదు, నైలాన్ క్షమిస్తుంది. 8 లేదా 10 నంబరు చిన్న కొక్కెం, ముల్లు పట్టకారుతో నొక్కేసుకుంటే వదలడం సులువు. చిన్న బెండు, వానపాము ముక్క లేదా గోధుమ పిండి ముద్ద. కొనేటప్పుడు చేపతో మొదలుపెట్టి దారం, దారానికి తగ్గ రీలు, చివర్న రాడ్డు ఎంచుకోండి. మనవాళ్లు రంగు చూసి రాడ్డుతో మొదలుపెడతారు, తిప్పలన్నీ అక్కడే.

ఇంకో మూడు మాటలు. మన రాష్ట్రంలో చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. మనకి ఆదివారం సరదా, వాళ్లకి ఇంటి ఖర్చు. అడిగి గాలం వెయ్యండి. రెండు, సీసం గుండ్లు వద్దు. అవి మింగి హంసలు చస్తున్నాయని బ్రిటన్ 1987లోనే చిన్న సీసం గుండ్ల అమ్మకం ఆపేసింది. మీరాలం పక్కనే నెహ్రూ జూపార్కు, చెరువు నిండా నీటి పక్షులు. తెగిన దారం ముక్క కూడా జేబులో పెట్టుకుని రావాలి, పక్షి కాలికి చుట్టుకుంటే అదే ఉరి. మూడు, మురుగు చేరిన చెరువులో పట్టింది కూర వండుకోవద్దు. కూర కావాలంటే మార్కెట్‌కి వెళ్లండి.

లైట్ సెట్టు కొన్న ఫ్రెండ్స్‌కి నేను అడిగేది ఇంతే. ఈ సెమిస్టరంతా జిలేబిల మీద చెయ్యి తిప్పుకోండి. డ్రాగ్ పెట్టడం, ముడి వెయ్యడం, చేపని తడి చేత్తో పట్టుకుని వదలడం నేర్చుకోండి. కొర్రమీను కావాలనిపిస్తే దానికి తగ్గ దారం, రాడ్డు వేరే కొనుక్కోండి. కొనే స్తోమత లేదంటే గట్టు మీద కూర్చుని, అది గాలి పీల్చడానికి పైకి వచ్చినప్పుడు చూడండి. దానికి ఖర్చు లేదు.