నారను విడదీయు ఎంజైములు - సంఘముల కర్తవ్యము

గోగు కోతతో రైతుపని సగమే తీరును. కట్టలను నీట ఊరవేసి నార తీయువఱకు పంట చేతికి వచ్చినట్లు గాదు. నాలుగైదు నెలలు శ్రమించి పెంచిన పైరు ఈ చివరి రెండు మూడు వారములలో రంగు చెడి, తరగతి తప్పి, తక్కువ వెలకు పోవుట శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గోగు రైతులకు క్రొత్త సంగతి కాదు.

ఊరవేయుటలో జరుగున దేమి? నారపోగులను పుల్లకు అంటియుంచు జిగురునకు పెక్టిన్ అని పేరు. నీటిలోని సూక్ష్మజీవులు ఎంజైము లను పదార్థములను పుట్టించి ఆ జిగురును కరగించును. నీరు చాలకున్నచో కట్ట కుళ్లక నార బిరుసుగా నుండును. గడువు మించినచో సెల్యులోజును తిను జీవులు చేరి నారనే తెగగొట్టును. బురదమట్టిని పైని బరువుగా వేసినచో నార నల్లబడును.

ఐరోపాలో లినెన్ బట్టకై పండించు అవిసెకును ఈ చిక్కే కలదు. బెల్జియములోని లైస్ నదిలో 20వ శతాబ్ది మధ్యవఱకు అవిసెను ఊరవేసిరి. నీరు చెడుటచే ఆ పద్ధతి మానిరి. నేడు అచట పొలములోనే పరచి మంచుకు విడుతురు. అది వాతావరణము దయ. 1980 తరువాత డెన్మార్కులోను, అమెరికాలోను ఎంజైములనే నేరుగా ప్రయోగించి నార తీసిరి. నార చక్కగనే వచ్చెను గాని, ఖర్చు హెచ్చగుటచే మంచుపద్ధతిని అది తొలగింపజాలలేదు.

మన దేశములో బారక్‌పూర్‌లోని కేంద్ర జూటు పరిశోధన సంస్థవారు మఱియొక త్రోవ త్రొక్కిరి. ఎంజైమును కొనుటకు బదులు, దానిని పుట్టించు సూక్ష్మజీవులనే పొడిగా చేసి 'క్రైజాఫ్ సోనా' అని పేరిడిరి. ఈ జీవులు పెక్టిన్‌ను కరగించునుగాని సెల్యులోజు జోలికి పోవు. కట్టలు పేర్చునపుడు వరుసకొకసారి ఈ పొడిని చల్లవలయును. 18 మొదలు 21 దినములు పట్టుపని 12 మొదలు 15 దినములలో ముగియుననియు, నార నూటికి 8 మొదలు 10 పాళ్లు హెచ్చుననియు ఆ సంస్థవారి మాట. 2015లో మొదలైన జూట్ ఐకేర్ పథకమున దీనిని జూటు రైతులకు అందజేసిరి.

ఐనను పొడి ఒక్కటియే రైతును గట్టెక్కించునని మేము నమ్మము. మేలైన నారను, నాసి నారను దళారి ఒకే కాటాలో వేసి ఒకే ధర కట్టినచో, రైతు పెట్టిన ఖర్చుకు ఫలమెవరిది? కావున ఇది సంఘము పూనవలసిన పని. సంఘములు పొడిని ఒక్కుమ్మడిగా తెప్పింపవలయును. తొలియేట ఒక్కొక్క గ్రామమున సగము కట్టలకు పొడి చల్లి, సగము పాతరీతిని ఊరవేసి, రెంటి నారను తూచి సభ్యులకు చూపవలయును. ఈ విషయమున ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానమువారి సలహా గైకొనుట మంచిది. తరువాత నారను తరగతులుగా విడదీసి సంఘము పేరనే అమ్మవలయును.

నీటి సంగతి మఱువరాదు. ఊరవేత నీటిలోని ప్రాణవాయువును హరించును, చేపలు చచ్చును. పొడి వాడినను ఈ దోషము పోదు. త్రాగునీటి చెరువును, పశువులు దిగు చెరువును విడిచి, ఈ పనికి వేఱుగా ఒక గుంట నిర్ణయించుట గ్రామమెల్ల కలిసి చేయవలసిన కట్టుబాటు.

కోతకు ముందే సభ్యులు సమావేశమై గుంటను, పొడిని, అమ్మకమును గూర్చి తీర్మానించుకొందురుగాక. కట్టలు నీట పడిన పిమ్మట ఆలోచించుటకు వ్యవధి యుండదు.