పెద్దాపురం పట్టుకు చీర ఒక్కటే దారి కాదు

పెద్దాపురం పట్టు అనగానే చీర, పంచె గుర్తొస్తాయి. నేతను నిలబెట్టాలన్న చర్చలన్నీ వాటి అమ్మకాల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. మగ్గం ఎక్కని పట్టుదారానికీ గిరాకీ ఉంది. దాన్ని అందుకునే నేర్పు మన నేత ఇళ్లలోనే ఉంది. ట్రౌట్ చేపల వేటలో వాడే ఈగ ఎరలే అందుకు తార్కాణం.

ఈ ఎర వేలిగోరంత ఉంటుంది. చిన్న గాలానికి సన్నని పట్టుదారం చుట్టి, దారానికి కుందేలు బొచ్చు పలచగా పట్టించి, పురి పెట్టి ఒళ్లులా చుడతారు. తల దగ్గర మెత్తని పిట్ట ఈకను ఒకటి రెండు చుట్లు తిప్పి ముడి వేస్తారు. నీళ్లలో ఈక పీచులు పురుగు కాళ్లలా కదులుతాయి. తడిసిన పట్టు రంగు ముదిరి, బొచ్చు సందుల్లోంచి తొంగిచూస్తుంది. డబ్ల్యు.సి. స్టివార్ట్ 1857లో, టి.ఇ. ప్రిట్ 1880లలో ఇలాంటి ఎరల గురించి పుస్తకాలు రాశారు. 1941లో పుస్తకం వెలువరించిన అమెరికన్ జేమ్స్ లైసెన్రింగ్, రెండు పట్టుపోగుల మధ్య బొచ్చు పరిచి, మనవాళ్లు తొడ మీద వత్తులు చేసినట్టే పురి పెట్టేవాడు. నైలాన్ దారం గట్టిదే, చవకే. అయినా తడిసినప్పుడు వచ్చే ఆ రంగు కోసం పాత పద్ధతివాళ్లు పట్టునే కోరుకుంటారు. వాళ్లు తరతరాలుగా నమ్ముకున్న దారం 1795 నాటి ఇంగ్లండ్ సంస్థ పియర్సాల్స్‌ది. గత దశాబ్దంలో 'గోసమర్' అనే ఆ దారం తయారీ ఆగిపోయింది. వాడేవాళ్లు ఉండగానే చేసేవాళ్లు తగ్గిపోయారన్నమాట.

ఆ ఖాళీలో మనకెందుకు చోటు ఉండకూడదు? మగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా పాతవాటితో కలిపి వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. వేల పోగుల్లో ఏ ఒక్కటి జారినా నేతలో తెలిసిపోతుంది. అంత సున్నితమైన చేతిపని తెలిసినవాళ్లకు సన్నదారానికి రంగు వేసి, సమంగా పురి పెట్టి, చిన్న కండెలకు చుట్టడం కొత్త విద్య కాదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షల మంది చేనేత కార్మికుల్లో 72 శాతం మహిళలు. మగ్గం అక్కర్లేని ఇలాంటి పని కండెలు చుట్టే ఆడవాళ్ల చేతికి నేరుగా కూలి అందించగలదు.

ఇది చిన్న మార్కెట్ అంటారు. నిజమే. కానీ అరకిలో పట్టుతో 5 గ్రాముల కండెలు నూరు చుట్టవచ్చు. ఇక్కడ ధర పలికేది బరువుకు కాదు, పనితనానికి. ముడిపట్టు బయటి నుంచి రావాలి కదా అంటే, చీరకూ అంతే. మరమగ్గాల నకిలీలను ఆపకుండా ఈ చిల్లర ఆలోచనలేమిటన్న ప్రశ్న అన్నిటికంటే బలమైనది. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించిన 1985 చట్టాన్ని గట్టిగా అమలు చేయాల్సిందే. అయితే అది జరిగేదాకా నేత కుటుంబం మరో ఆదాయం చూసుకోకూడదని ఏ న్యాయమూ చెప్పదు. సరదాకు చేపల్ని హింసించడమేమిటన్న అభ్యంతరాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. పట్టిన చేపను వెంటనే నీళ్లలో వదిలే పద్ధతి ఆ వేటగాళ్లలో బాగా పాతుకుంది. దాంతో హింస పూర్తిగా పోదు, తగ్గుతుంది. ఆ ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇదే దారం ఎంబ్రాయిడరీకీ పనికొస్తుంది.

సహకార సంఘాలూ చేనేత శాఖా కలిసి కిలో పట్టుతో మొదలుపెట్టాలి. పది పన్నెండు రంగులు వేయించి, తడిస్తే రంగు దిగుతుందో లేదో, లాగితే ఎంత బరువు ఆపుతుందో పరీక్షించాలి. కశ్మీర్, నీలగిరుల ట్రౌట్ వాగుల దగ్గరి వేటగాళ్లకు నమూనాలు పంపాలి. కండెకు ఇంత కూలి అని ముందే ఖరారు చేయాలి. వేటగాళ్లు వద్దంటే నష్టం కిలో పట్టే. కావాలంటే మాత్రం, చీర అమ్ముడుపోని నెలల్లోనూ పెద్దాపురం చేతులకు పని దొరుకుతుంది.