వినే పాఠం: శంషాబాద్ ప్రాథమిక తరగతుల్లో సైన్స్ పాడ్‌కాస్టుల వాడకానికి ప్రణాళిక

సైన్స్ పాడ్‌కాస్ట్ అంటే ఫోన్‌లోకి దించుకుని, కావలసినప్పుడు వినిపించి, అవసరమైన చోట ఆపి, మళ్లీ వెనక్కి తిప్పుకోగలిగిన శబ్ద కార్యక్రమం. చిన్న తరగతులకు దాని అసలు ప్రయోజనం ఆ ఆపడంలోనే ఉంది. రేడియో పాఠానికి ఆ వీలు ఉండేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆకాశవాణి ప్రసారం చేసిన 'విందాం నేర్చుకుందాం' పాఠం వేళకు రేడియో పెట్టలేకపోతే ఆ పూట పాఠం పోయినట్టే. అయినా బొమ్మ లేకుండా గొంతుతోనే ప్రాథమిక తరగతికి పాఠం చెప్పవచ్చని ఆ కార్యక్రమం చూపించింది. శంషాబాద్ మండలంలో, విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లలో పరిసరాల విజ్ఞానం బోధించే ఉపాధ్యాయుల కోసం రూపొందిన ఈ ప్రణాళిక ఆ దారినే ముందుకు తీసుకువెళుతుంది.

ఉపాధ్యాయులు ముందుగా తాము పూర్తిగా వినని భాగాన్ని తరగతిలో వినిపించరాదు. మధ్యలో వచ్చే ప్రకటనలు, అర్థం కాని పేర్లు, తొందరపాటు వివరణలు అలా ముందే వింటేనే బయటపడతాయి. ఫైలును ముందురోజే దించుకోవాలి. తరగతి మొదలయ్యాక సిగ్నల్ కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఒక పీరియడ్‌లో వినిపించేది ఐదారు నిమిషాలకు మించకూడదు. వినడానికి ముందే బోర్డు మీద ఒక ప్రశ్న ఉండాలి. ప్రశ్న లేకుండా మోగే స్పీకర్ తరగతిలో చప్పుడును పెంచుతుంది తప్ప పాఠాన్ని ముందుకు నడపదు.

భాష విషయంలో రాజీ ఉండదు. అమెరికాలో తయారయ్యే 'బ్రెయిన్స్ ఆన్', 'బట్ వై' వంటి కార్యక్రమాలు పిల్లల ప్రశ్నలను ఆధారం చేసుకుని నడుస్తాయి. వాటి నుంచి ఆ పద్ధతిని తెచ్చుకోవాలి. మూడో తరగతి పిల్లల ముందు ఆ ఇంగ్లిష్‌ను యథాతథంగా పెట్టడం మాత్రం అన్యాయం. తెలుగులో వినడానికి తక్కువే ఉన్నా చదివి వినిపించడానికి చాలా ఉంది: జన విజ్ఞాన వేదిక ప్రచురించే 'చెకుముకి' మాసపత్రిక వ్యాసాలను అనుమతి తీసుకుని రికార్డు చేసుకోవచ్చు. యాస గురించి బెంగ అక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2008లో ప్రారంభించిన సంఘం రేడియో ఊరి మాటలోనే నడిచింది. ఇంట్లో ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే పిల్లలు విన్నదాన్ని తమ మాటల్లో చెప్పే వీలు ప్రతి తరగతిలోనూ ఉండాలి.

ఈ ప్రాంతంలో వినే పాఠానికి పెద్ద అడ్డంకి తల మీదుగా వెళుతుంది. 2008 మార్చి 23న శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పని మొదలుపెట్టింది, బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఇక్కడికి మారాయి. జర్మనీలోని మ్యూనిక్‌లోనూ 1992లో ఇలాగే పాత విమానాశ్రయం మూతపడి కొత్తది మొదలైంది. ఆ రెండు చోట్లా పిల్లలను పరిశీలించిన పరిశోధకులు పాత చోట చదవడం, జ్ఞాపకం మెరుగుపడ్డాయనీ, కొత్త చోట దెబ్బతిన్నాయనీ గుర్తించారు. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల దగ్గరి బడుల మీద జరిగి 2005లో ప్రచురితమైన అధ్యయనం కూడా విమానాల మోత పెరిగేకొద్దీ చదివి అర్థం చేసుకునే శక్తి తగ్గుతోందని తేల్చింది. తరగతి గదిలో పాఠం జరిగేటప్పుడు బయటి చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. కాబట్టి విమానం వస్తే పాడ్‌కాస్ట్ ఆగాలి. వాల్యూమ్ పెంచి మోతతో పోటీ పడటం పూర్తిగా నిషిద్ధం. మోత తగ్గాక పది సెకన్లు వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి.

ఆగిన ఆ నిమిషం వృథా పోనవసరం లేదు. శబ్దం గురించిన పాఠానికి అంతకన్నా మంచి పరికరం ఏ బడికీ దొరకదు. పిల్లలు ఆరుబయట కళ్లు మూసుకుని మోత వచ్చే దిక్కుకు వేలు చూపించాలి. కళ్లు తెరిస్తే విమానం వేలికి సూటిగా ఉండదు, ముందుకు జరిగి ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 3,400 మీటర్ల దూరం నుంచి రావడానికి పది సెకన్లు పడుతుంది. దిగబోయే జెట్ విమానం సెకనుకు 70 మీటర్ల చొప్పున ఆలోగా 700 మీటర్లు సాగిపోతుంది. ఎందుకిలా అని పిల్లలే అడిగాక శబ్దం మీద పాడ్‌కాస్ట్ వినిపిస్తే అది వాళ్ల ప్రశ్నకు జవాబవుతుంది. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి. వానాకాలపు పడమటి గాలిలో అవి తూర్పు నుంచి వచ్చి దిగుతాయి, తూర్పు గాలి వీచే రోజుల్లో పడమటి నుంచి వస్తాయి. రోజూ ప్రార్థన వేళ ఆ దిక్కును నోటుబుక్కులో రాసుకున్న తరగతికి రుతుపవనాల పాఠం సగం తెలిసినట్టే.

పాడ్‌కాస్ట్ ప్రయోగానికి ప్రత్యామ్నాయం కాదు. విన్న రోజునో, మర్నాడో చేతితో చేసే పని ఒకటి తప్పనిసరి. ఏడాదిలో ఒకసారైనా పిల్లలే ఒక భాగం తయారు చేయాలి. హిమాయత్‌సాగర్ దగ్గరి పక్షుల అరుపులు, బోరు మోటారు, గాలి, వాన రికార్డు చేసి, ఏది ఎందుకు అలా వినిపిస్తుందో తమ గొంతుతో చెప్పాలి. తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఆ రికార్డులు బడి దాటకూడదు. వినికిడి లోపం ఉన్న పిల్లలకు వినిపించే ప్రతి భాగం రాతప్రతి ముందే అందాలి. రాతప్రతి సిద్ధం కాకపోతే ఆ భాగాన్ని వాయిదా వేయాలి.