మక్కికి మక్కి కాని నకలు

ఎదుటనున్న కాగితాన్ని ఆలోచన లేక ఉన్నదున్నట్లు దించుటను మనం 'మక్కికి మక్కి' అంటాము. ఈ మాట ఉర్దూ నుండి తెలుగులోనికి వచ్చి స్థిరపడినది. మక్ఖీ అనగా ఈగ. పాత ప్రతిలో చచ్చి అంటుకొని ఉన్న ఈగను చూచి, నకలు వ్రాయు ముహర్రిరు తానును ఒక ఈగను చంపి, తన ప్రతిలో సరిగ్గా అదే చోట అంటించినాడట! ఉర్దూ తరగతిలో చెప్పినను, తెలుగు తరగతిలో చెప్పినను ఈ కథకు మన విద్యార్థులు ఒకే విధంగా నవ్వుతారు. కాని ఆ ఈగ నేటికిని మన ధ్రువపత్రాలలో వాలుచునే ఉన్నదని ఎందరు గమనించినారు?

మా వాడలోని ఒక బాలిక కథ చెబుతాను. ఉపకారవేతనం కొరకు ఆమె ఒక కార్యాలయం నుండి ధ్రువపత్రం తెచ్చుకొన్నది. అక్కడి గుమాస్తా కంప్యూటరులో అంతకు ముందు ఒక బాలునికి ఇచ్చిన పత్రాన్నే తెరచి, పేరు మార్చి, అచ్చు తీసి ఇచ్చినాడు. పైన అమ్మాయి పేరున్నది; క్రింద 'ఇతడు', 'కుమారుడు' అను మాటలు అట్లే మిగిలిపోయినవి. దరఖాస్తు తిరిగి వచ్చినది. దానిని దిద్దించుటకు తండ్రి రెండు దినాల కూలి పోగొట్టుకొని బస్సులలో తిరిగినాడు. గుమాస్తా దుర్మార్గుడు కాడు. ఒక్క మధ్యాహ్నంలో అరవై పత్రాలు వ్రాయవలసిన మనిషి అతడు. దోషం మనిషిలో కంటె పద్ధతిలో ఎక్కువగా ఉన్నది.

ఈ పద్ధతికి విరుగుడు కొత్తది కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1973-74లో లీ మెక్‌మాన్ అను శాస్త్రజ్ఞుడు 'సెడ్' అను చిన్న సాధనాన్ని నిర్మించినాడు. 1977లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అను ముగ్గురు 'ఆక్' అను దానిని వ్రాసినారు. వారి పేర్ల మొదటి అక్షరాలే దాని పేరైనవి. అదే సంవత్సరం కెర్నిగన్, రిచీ కలిసి 'ఎం-ఫోర్' అను మరియొక దానిని రూపొందించినారు. వీటికి బొమ్మలు లేవు, మీటలు లేవు. తెరపై ఒక్క పంక్తి ఆజ్ఞ టైపు చేయవలెను. అంతట సాధనం మూలపత్రాన్ని చదువుతూ, మనం పెట్టిన షరతుకు సరిపడిన పంక్తిని నకలు చేస్తుంది, సరిపడని దానిని విడిచిపెడుతుంది. గుర్తు పెట్టిన మాట వచ్చిన చోట మనమిచ్చిన మాటను ఉంచుతుంది. కొత్త ప్రతిని వేరుగా వ్రాయించుకొంటే మూలం చెక్కు చెదరదు. ఇవి ఉచితంగా లభిస్తాయి. పాత కంప్యూటరులోను పనిచేస్తాయి.

పేరు మార్చుట ఎంత పని, దానికి షరతు లెందుకని కొందరు అడుగవచ్చును. మన భాషల స్వభావమే దానికి సమాధానం. తెలుగులో బాలుడైతే 'ఇతడు చదివినాడు', బాలికయైతే 'ఈమె చదివినది'. ఉర్దూలో 'పఢ్తా హై', 'పఢ్తీ హై'; 'బేటా', 'బేటీ'. పేరుతో పాటు క్రియ కూడ మారవలెను. కనుక నమూనాలో రెండు పంక్తులను వ్రాసి, దేనిని ఎప్పుడు నకలు చేయవలెనో ముందే నిర్ణయించి పెట్టవలెను. అప్పుడు మా వాడ బాలిక పత్రంలో 'కుమారుడు' అను మాటకు చోటే ఉండదు.

అయితే షరతు లేని మార్పిడి నకలు కంటె ప్రమాదకరమైనది. 'విద్యార్థి' అని ఉన్న ప్రతిచోట 'విద్యార్థిని' అని మార్చుమని ఆజ్ఞాపించినామనుకొందాము. ఇదివరకే 'విద్యార్థిని' అని ఉన్నచోట అది 'విద్యార్థినిని' అవుతుంది. పైగా 'విద్యార్థిని పరీక్షకు అనుమతించవలెను' అన్నప్పుడు అది స్త్రీలింగమా, ద్వితీయా విభక్తియా? వ్యాకరణం చదివిన మనకే సందేహం కలుగునప్పుడు యంత్రానికి ఎట్లు తెలియును?

మన జిల్లా చరిత్రయే మరియొక పాఠం. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. నమూనాలలో రాష్ట్రం పేరు మార్చవలసినదే. కాని 2012లో ఉత్తీర్ణుడైన వానికి ఆనాటి ఆంధ్రప్రదేశ్ బోర్డు ఇచ్చిన పత్రం పేరును మార్చరాదు. అక్కడ సంవత్సరమే షరతు. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ జిల్లా నాలుగైనది. నిర్మల్ వేరు జిల్లా అయినది. మన బోథ్ ఆదిలాబాద్‌లోనే నిలిచినది. ఇక 'కుంటాల అని ఉంటే నిర్మల్ జిల్లా అని వ్రాయుము' అని షరతు పెట్టినచో ఏమగును? కుంటాల మండలం నిర్మల్ జిల్లాలోనిదే. కాని జలపాతం గల కుంటాల నేరడిగొండ మండలంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్నది. ఊరిపేరుతో బాటు మండలాన్ని కూడ చూడవలెనని చెప్పగలవాడు ఈ ప్రాంతపు విద్యార్థియే గాని, ఎక్కడో పట్టణంలోని నిపుణుడు కాడు.

అక్షరాల సంగతి మరింత సూక్ష్మమైనది. మన ఊరినే ఒకరు 'బోథ్' అని, మరొకరు 'బోధ్' అని వ్రాస్తారు. మనకు ఊరొక్కటే, యంత్రానికి రెండు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించినది. అయినను ఉర్దూలోని యే, కాఫ్ అక్షరాలకు అరబ్బీ మీటల పలక ఒక సంఖ్యను, ఉర్దూ పలక మరియొక సంఖ్యను ఇస్తాయి. పదం మధ్యలో అవి కంటికి ఒకే తీరుగా కనబడును. వెదకబోయిన సాధనానికి మాత్రం దొరకవు. కనుక ముందుగా మాటల వ్రాతను స్థిరపరచుకొనవలెను. అది భాషాశాఖల పని.

ఇప్పుడు కృత్రిమ మేధ అడిగినదెల్లా వ్రాసి ఇచ్చుచుండగా ఈ పాత సాధనాలెందుకని ఒక ప్రశ్న ఉన్నది. కథకో, వ్యాసానికో అది చాలవచ్చును. ధ్రువపత్రానికి కావలసినది వేరు. నేడు వచ్చిన ఫలితమే రేపును రావలెను. ఏ నియమం ప్రకారం వచ్చినదో ఎవరైనను చదివి చూడగలుగవలెను. వ్రాసిపెట్టిన షరతులో తప్పుంటే వేలుపెట్టి చూపవచ్చును. అయితే ఒక హెచ్చరిక. గుమాస్తా పొరపాటు ఒక్కరిని బాధించును. షరతులోని పొరపాటు రెండు వందల మందిని ఒకేసారి బాధించును. కనుక మొదట పది పేర్లతో పరీక్షించి, మూలంతో సరిచూచి, సంతకం చేయువారు చదివిన పిమ్మటనే తక్కినవి అచ్చు తీయవలెను.

కళాశాల కార్యవర్గం వారికి నా మనవి ఇది. వారానికి ఒక్క గంట ఈ సాధనాలను నేర్పించండి. తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఒకే బల్ల ముందు కూర్చుండి, మన కళాశాల పత్రాలకు రెండు భాషలలోను నమూనాలు, షరతులు వ్రాయవలెను. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండవ అధికార భాషగా చేసినారు. ఆ గౌరవం ఒక విద్యార్థి చేతి పత్రంలోనే నిజమగును. దీనికి కొత్త భవనం అక్కరలేదు. ఉన్న కంప్యూటర్లే చాలును.

విద్యార్థి మిత్రులారా! కేవలం గళ్ళు నింపి పని అయినదనిపించుటను ఉర్దూలో 'ఖానాపురీ' అంటారు. ఖానాలు నింపు పనిని యంత్రానికి అప్పగించండి. ఏ ఖానాలో ఏది, ఎప్పుడు, ఎవరికి అను ఆలోచనను మాత్రం మీరే ఉంచుకొనండి. యంత్రానికి ఈగకును అక్షరానికిని భేదం తెలియదు. ఈగను ముందుగా తొలగించవలసినవారు మీరే.